టేపు కొలిస్తే 900, కేబుల్ వేస్తే 1020

హోస్ట్: హా, రికార్డ్ అవుతోంది మాస్టారు. వెనకాల హారన్లు వినబడితే ఏమీ అనుకోకండి, గాజువాక జంక్షన్ కదా. పోయిన ఎపిసోడ్‌లో ప్రొఫీబస్ డీపీ దగ్గర ఆగాం, అదే, కంట్రోలర్ ఒకే కేబుల్ మీద మోటార్ల వేగం నడిపే పెట్టెలతో, అంటే డ్రైవులతో, మాట్లాడే నెట్‌వర్క్.

మాస్టారు: ఆపింది నువ్వే, టీ చల్లారిపోతోందని. సరే, ఇప్పుడు నీకో కన్వేయర్ ఇచ్చారనుకో, 900 మీటర్లు, 20 డ్రైవులు. కేబుల్ మీద డేటా స్పీడ్ ఎంత పెడతావ్?

హోస్ట్: సెకనుకి 1.5 మెగాబిట్. అందరూ అదే కదండీ పెట్టేది.

మాస్టారు: అందుకే అడిగాను. 1.5కి సెగ్మెంట్, అంటే సిగ్నల్‌ని మధ్యలో బలపరచకుండా పోయే ఒక్క కేబుల్ ముక్క, 200 మీటర్లే బాబూ, అంటే 900కి అయిదు ముక్కలు, ముక్కల మధ్య సిగ్నల్‌ని బలపరిచే నాలుగు రిపీటర్లు, వాటికి డబ్బాలు, సప్లైలు, పైగా ఈ సముద్రపు గాలికి ఆరు నెలల్లో టెర్మినల్స్ మీద పచ్చటి చిలుము. అదే 187.5 కిలోబిట్‌కి దిగావా, ఒకే సెగ్మెంట్ 1000 మీటర్లు పోతుంది.

హోస్ట్: మరి స్లో అయిపోదా?

మాస్టారు: లెక్కేద్దాం పట్టు. బస్సు మీద, అంటే ఈ డేటా కేబుల్ మీద, ఒక్కో బైటూ 11 బిట్లవుతుంది. డ్రైవుకి ఆన్-ఆఫ్ చెప్పే కంట్రోల్ వర్డూ స్పీడూ కలిపి 4 బైట్లు పంపి, 4 బైట్లు తెచ్చుకుంటే, హెడరూ గ్యాపులూ అన్నీ వేసి సుమారు 350 బిట్ల టైమ్. 20 డ్రైవులకి 7000. అన్నిటినీ ఒక చుట్టు, అంటే ఒక సైకిల్, అడిగి రావడానికి 1.5 మెగాలో 5 మిల్లీసెకన్లు, 187.5లో 37. బెల్టు మోటారు స్పీడందుకోడానికే సెకన్లు పడుతుంది, దానికి 5 అయితేనేం 37 అయితేనేం. పుల్‌కార్డ్, అదే బెల్టుని లాగి ఆపే తాడు, ఎలాగూ హార్డ్‌వైర్‌లోనే, అంటే విడి తీగ మీదే, ఆపాలి, దాన్ని ఈ బస్సు మీద వదిలేస్తే నేనొప్పుకోను. వాచ్‌డాగ్, అంటే మెసేజ్ రాకపోతే డ్రైవుని ఆపేసే టైమర్, మాత్రం సైకిల్ కన్నా బాగా ఎక్కువ పెట్టుకో, లేకపోతే ఊరికే ట్రిప్పులు.

హోస్ట్: అయితే 900కి 1000 ఉంది, అయిపోయినట్టేగా.

మాస్టారు: అక్కడే బోల్తా కొడతారు! 900 అన్నది నువ్వు టేపు పట్టిన పొడవు. కేబుల్ ట్రే లోంచి ప్యానెల్‌లోకి మూడు మీటర్లు దిగి మళ్లీ మూడు మీటర్లు ఎక్కాలి, ఒక్కో డ్రైవుకి ఆరు, ఇరవైకి 120. మొత్తం 1020.

హోస్ట్: అయ్యో. 93.75కి దిగిపోతే?

మాస్టారు: 1200 వస్తుంది, సైకిల్ 75 అవుతుంది, తప్పేం కాదు. నేనైతే 187.5లోనే ఉండి మధ్యలో ఒక్క రిపీటర్ పెడతా, ఫాల్ట్ ఏ సగంలో ఉందో రాత్రిపూట తొందరగా తెలుస్తుంది. ట్రే విషయం తెలిసిందే, పవర్ కేబుళ్లకి ఓ జానెడు దూరం, దాటాల్సొస్తే అడ్డంగా దాటించు.

హోస్ట్: టెర్మినేటర్?

మాస్టారు: సిగ్నల్ కేబుల్ చివర తగిలి వెనక్కి రాకుండా ఆపేదే కదా అది, ప్రతి సెగ్మెంట్‌కీ రెండు చివర్లే ఆన్, మధ్యలో ఎక్కడా వద్దు. చాలా కనెక్టర్లలో ఆ స్విచ్ ఆన్ చేస్తే బయటికెళ్లే కేబుల్ తెగిపోతుంది, అవతలి డ్రైవులన్నీ మాయం. నాకు తగిలింది ఇంకోటి. ఓ ప్లాంట్‌లో చివరి డ్రైవుని మెయింటెనెన్స్‌కి ఆపేశారు, అదేమో టెర్మినేటర్‌కి 5 వోల్టులు ఇచ్చేది, స్విచ్ ఆన్‌లోనే ఉంది, పవరే లేదు. మిగతా డ్రైవులు ఒకటి పోతుంది, ఒకటి వస్తుంది, నేనేమో రెండు రాత్రులు కేబుల్ చుట్టూ ఉండే లోహపు షీల్డ్ చూస్తా కూర్చున్నా.

హోస్ట్: ఎలా దొరికింది మరి?

మాస్టారు: దొరకలేదయ్యా, ఫిట్టర్ పని అయిపోయి డ్రైవు ఆన్ చేశాడు, దానంతటదే బాగైంది! అప్పట్నుంచీ చివర్లో విడి సప్లైతో యాక్టివ్ టెర్మినేటర్ పెట్టకుండా డ్రాయింగ్ మీద సంతకం పెట్టను.