నెలవంక ఏ సాయంత్రం కంటికి కనిపిస్తుంది?

శ్రోతలకు నమస్కారం. షాబాన్ నెల 29వ రోజు సాయంత్రం కాకినాడలోనూ, రాజమహేంద్రవరంలోనూ, అమలాపురంలోనూ ముస్లిం కుటుంబాలవారు మిద్దెలెక్కి పడమటి దిక్కుకు చూస్తారు. నెలవంక కనిపిస్తే మర్నాటి నుంచి రంజాన్ ఉపవాసాలు మొదలవుతాయి. మబ్బు కమ్మి కనిపించకపోతే షాబాన్‌కు 30 రోజులు పూర్తి చేయాలన్నది ప్రవక్త బోధ.

అమావాస్య తిథి ముగిసే క్షణంలో సూర్యచంద్రులు ఒకే రేఖాంశం మీద ఉంటారు. అది సూర్యాస్తమయానికి ముందే జరిగితే ఆ సాయంత్రమే చంద్రుడు కనిపించాలని కొందరు గట్టిగా వాదిస్తారు కానీ, ఆ వాదన నిలవదు. చంద్రుడు సూర్యుడి నుంచి గంటకు సుమారు అర డిగ్రీ చొప్పున మాత్రమే దూరం జరుగుతాడు. ఆ ఎడం దాదాపు 7 డిగ్రీలకు చేరేదాకా వెలుగురేఖ కంటికి ఆనదని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త దాంజోఁ 1930లలో తేల్చారు. చంద్రుడి నడక రోజుకు 12 నుంచి 15 డిగ్రీల దాకా మారుతూ ఉంటుంది గనుక, అమావాస్య ముగిశాక చంద్రుడికి ఇన్ని గంటల వయసు నిండితే చాలునన్న లెక్క కూడా సరిపోదు.

ఎడంతో పాటు ఎత్తు కూడా కావాలి. సంధ్యాకాంతి తగ్గేవరకు చంద్రుడు అస్తమించకుండా ఉండాలి. మన పంచాంగకర్తలకు ఆధారమైన సూర్యసిద్ధాంతం ఇందుకు సూర్యాస్తమయానికీ చంద్రాస్తమయానికీ మధ్య 12 కాలాంశలు, అంటే 48 నిమిషాలు లేదా రెండు ఘడియలు, అవసరమని చెప్పింది. ఎన్నో శతాబ్దాల కిందట, కేవలం కంటిచూపును నమ్ముకున్నవారు ఇంత దగ్గరగా లెక్కించగలగడం నాకు ఎంతో గౌరవం కలిగించే విషయం. 1997లో బ్రిటన్‌కు చెందిన ఖగోళ శాస్త్రవేత్త యాలప్ 295 పరిశీలనలను ఆధారం చేసుకుని, వంక ఎంత సన్ననైతే అంత ఎక్కువ ఎత్తు కావాలనే సూత్రాన్ని అంకెల్లో పెట్టి, సులభంగా కనిపించేది మొదలు దుర్భిణితోనూ అసాధ్యమైనది వరకు ఆరు తరగతులు ఏర్పరచారు.

ఇక మన డెల్టా సంగతి. కోళికోడ్ తీరంలో నిలబడినవారికి పడమట సముద్రం అడ్డు లేకుండా పరుచుకుని ఉంటుంది. కోనసీమలో పడమటికి చూస్తే కొబ్బరితోటలే. వంద మీటర్ల దూరాన ఉన్న 15 మీటర్ల కొబ్బరిచెట్టు సుమారు 8 డిగ్రీల ఆకాశాన్ని కప్పేస్తుంది. తొలి వంక సరిగ్గా ఆ ఎత్తులోనే ఉండవచ్చు. అందువల్ల రాజమహేంద్రవరం గోదావరి గట్టు ఎంతో అనుకూలమైన చోటు: పడమట కొవ్వూరు వరకు విశాలమైన నదే తప్ప అడ్డు లేదు. మార్చి నెలలో వంక ఇంచుమించు సూర్యుడు కుంగిన చోటికి నేరుగా పైన ఉంటుంది. సెప్టెంబరులో ఎడమవైపుకు, అంటే దక్షిణానికి, ఒరిగి కిందుగా ఉంటుంది.

మక్కాలో సూర్యాస్తమయం మనకన్నా సుమారు రెండు ముప్పావు గంటలు ఆలస్యం. ఆలోగా చంద్రుడు దాదాపు ఒకటిన్నర డిగ్రీలు ఇంకా దూరం జరుగుతాడు. అక్కడ కనిపించినది ఇక్కడ కనిపించకపోవడంలో ఎవరి తప్పూ లేదు.

నిర్ణయం రుయ్యతె హిలాల్ (నెలవంక దర్శన) కమిటీలది, పెద్దలది. సూర్యుడికన్నా ముందే చంద్రుడు అస్తమించిన సాయంత్రం ఎవరైనా సాక్ష్యం చెబితే, దాన్ని మరోసారి విచారించడానికి గణితం వారికి తోడ్పడుతుంది. చూడడానికి వెళ్లే యువకులు సమయం, దిక్కు, మబ్బుల స్థితి రాసి ఉంచండి. కనిపించని సాయంత్రాలను కూడా అంతే శ్రద్ధగా నమోదు చేయండి, ఎందుకంటే యాలప్ వంటివారి ప్రమాణాలు ఆ రెండు రకాల పరిశీలనల నుంచే రూపొందాయి.