ప్రింటరు టెక్కలిలో, టెక్నీషియన్ విజయనగరంలో

శ్రోతలకు నమస్కారం.

కంప్యూటరు పాడైతే దాన్ని విప్పి బాగుచేయడం ఒక పని. కంప్యూటరుకు తగిలించిన ప్రింటరో, స్కానరో, వేలిముద్ర యంత్రమో పలకనప్పుడు, ఆ యంత్రాన్ని కళ్లతో చూడకుండా, చేత్తో ముట్టకుండా, ఫోనులో వినిపించే మాటల వల్లా, ఇంటర్నెట్ ద్వారా కనిపించే తెర వల్లా లోపం ఎక్కడుందో కనిపెట్టడం వేరే పని. ఈ రెండో పని గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలైన తరువాత మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊరూరా ఈ యంత్రాలు చేరాయి. బాగుచేసేవారు మాత్రం ఇంకా పట్టణాల్లోనే ఉన్నారు. విజయనగరం నుంచి ఇచ్ఛాపురం వెళ్లి రావాలంటే ఒక రోజు గడిచిపోతుంది. తీరా వెళ్లాక కేబులు వదులైందని తేలితే, ఖర్చు పెట్టుకున్నవారికీ వెళ్లినవారికీ కూడా మనసు చివుక్కుమంటుంది.

ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, విండోస్‌లోనే ఉండే క్విక్ అసిస్ట్ వంటి సాధనాలతో అవతలి కంప్యూటరు తెర మన ముందుకు వస్తుంది కనుక, ఇక అన్నీ మనకే కనిపిస్తాయని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో తికమకలు ఇక్కడే మొదలవుతాయి. ఆ తెర మీద కనిపించేది తనకు తగిలించిన యంత్రం గురించి కంప్యూటరు అనుకుంటున్నది మాత్రమే. నిజానికి ఆ బల్ల మీద ఏముందో, ఏ దీపం వెలుగుతోందో, ఏ తీగ ఎక్కడ వేలాడుతోందో ఆ గదిలో ఉన్న మనిషి ఒక్కరే చెప్పగలరు. ఉదాహరణకు అవతలివారి మౌసు పనిచేయడం లేదనుకోండి. నేను ఇక్కడి నుంచి తెరను అందుకుని నా మౌసు కదిపితే అక్కడి బాణం గుర్తు చక్కగా కదులుతుంది, ఎందుకంటే ఆ కదలిక ఇంటర్నెట్ మీదుగా వచ్చింది తప్ప వారి మౌసు నుంచి వచ్చింది కాదు. "బాగానే ఉందండీ" అని నేను ఫోను పెట్టేస్తే, వారి చేతిలోని మౌసు మాత్రం చచ్చినట్టే పడి ఉంటుంది.

అందువల్ల తెర అడగడానికి ముందు నేను చెవికి పని చెబుతాను. విండోస్ ఉన్న కంప్యూటరుకు యూఎస్‌బీ పరికరం ఏదైనా తగిలించినప్పుడు కింది నుంచి పైకి లేచే రెండు స్వరాలు మోగుతాయి. తీసినప్పుడు అవే పై నుంచి కిందికి దిగుతాయి. ఫోనును స్పీకరు దగ్గర పెట్టి, ప్రింటరు తీగను ఒకసారి తీసి మళ్లీ పెట్టమని అడిగితే, ఇంటర్నెట్ లేకపోయినా, మెళియాపుట్టి వైపు సిగ్నలు అంతంతమాత్రంగా ఉన్నా, సగం సంగతి తెలిసిపోతుంది. స్వరం మోగిందంటే పోర్టులో, అంటే కంప్యూటరుకు తీగ తగిలించే రంధ్రంలో, కరెంటు ఉందని, తీగలో సందేశం నడుస్తోందని, పరికరం కనీసం తన ఉనికిని చాటుకోగలుగుతోందని అర్థం. అప్పుడు లోపాన్ని డ్రైవరులోనో, అంటే ఆ పరికరంతో కంప్యూటరును మాట్లాడించే సాఫ్ట్‌వేరులోనో, మనం వాడే ప్రోగ్రాములోనో వెతకాలి. అసలు మోగకపోతే తీగనో, పోర్టునో, కరెంటునో అనుమానించాలి. ఎవరూ ముట్టుకోకుండానే పైకీ కిందికీ వెంటవెంటనే మోగుతూ ఉంటే, ఆ పరికరం ఊడిపోతూ, మళ్లీ అతుక్కుంటూ ఉందన్నమాట. తీగ మూతి వదులైనా, చాలినంత కరెంటు అందకపోయినా అలా జరుగుతుంది. అయితే స్పీకరే మూగబోయి ఉంటే ఈ పరీక్ష అంతా వృథా కనుక, ముందు ఏదో ఒక పాట వేయించి వినడం మంచిది.

ఇక అడిగే తీరు. "కేబులు సరిగా పెట్టారా?" అని అడిగితే నూటికి నూరు పాళ్లూ "పెట్టే ఉంది బాబూ, నిన్నటి దాకా బాగానే వచ్చింది" అనే జవాబే వస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. ఆ ప్రశ్న తమ జాగ్రత్తను శంకిస్తున్నట్టు వినిపించడం వల్ల ఎవరైనా అలాగే అంటారు. దానికి బదులు, "ప్రింటరు వెనుక ఉన్న తీగను బయటికి తీసి, దాని మూతి చదరంగా ఉందో పలకగా ఉందో చెప్పండి" అని అడిగితే, జవాబు చెప్పడానికైనా తీసి చూడక తప్పదు; మళ్లీ పెట్టేటప్పుడు గట్టిగా పెట్టకా తప్పదు. వదులు తీగ వల్ల వచ్చిన తగవైతే ఆ ఒక్క ప్రశ్నతోనే తీరిపోతుంది, ఎవరి మాటా పోదు. పొలానికి నీరు అందనప్పుడు తూము దగ్గర మొదలుపెట్టి కాలువ వెంబడి నడిచినట్టుగా, గోడలోని స్విచ్చు, పరికరం దీపం, తీగ, పోర్టు, డ్రైవరు, ప్రోగ్రాము అనే వరసలో ఒక్కొక్కటే తేల్చుకుంటూ పోవాలి. చాలా ప్రింటర్లలో కంప్యూటరుతో నిమిత్తం లేకుండా, ప్రింటరు మీది మీటలతోనే ఒక పరీక్ష కాగితం తీసుకునే వీలుంటుంది. ఆ కాగితం శుభ్రంగా వచ్చిందంటే ప్రింటరునూ, సిరానూ వదిలేసి తీగ, కంప్యూటరు సంగతి చూడవచ్చు.

కరెంటు అన్నాను కదా, దాని లెక్క కొంచెం చెప్పాలి. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్ల వరకు కరెంటు ఇస్తుంది, 3.0 పోర్టు 900 వరకు ఇస్తుంది. వేరే ప్లగ్గు లేకుండా తీగ మీదనే బతికే చిన్న స్కానర్లు ఈ కరెంటుతోనే దీపమూ వెలిగించుకోవాలి, మోటారూ తిప్పుకోవాలి. ఒకే పోర్టును పలు పోర్టులుగా చీల్చే హబ్బు తగిలించి, దానికి నాలుగు పరికరాలు వేలాడదీస్తే ఆ 500 అందరూ పంచుకోవలసిందే. అప్పుడు స్కానరు కాగితం సగం వరకు లాగి ఆగిపోతుంది, నింద డ్రైవరు మీద పడుతుంది. తీగ పొడవుకూ హద్దుంది, 2.0 రకానికి అయిదు మీటర్లు దాటకూడదు. సముద్రపు గాలి తగిలే కళింగపట్నం, భావనపాడు వంటి చోట్ల మూతులలోని లోహపు రేకులకు చిలుము పడుతుంది. అక్కడి నుంచి ఫోను వస్తే పోర్టు ఫొటో ఒకటి వాట్సాప్‌లో పంపించమంటాను. వీడియో కాల్ కంటే నిలకడగా ఉన్న ఫొటోయే మేలు.

ఇవన్నీ తేలిన తరువాతే తెర. అందులో నేను మొదట తెరిచేది కంప్యూటరుకు ఉన్న పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్. అక్కడ పసుపు త్రికోణం కనిపిస్తే, ఆ పరికరం పేరు మీద రెండుసార్లు నొక్కినప్పుడు ఒక సంఖ్య కనిపిస్తుంది, దాన్ని చదవకుండా మూసేయకూడదు. 28 అంటే డ్రైవరు లేదని అర్థం. త్రికోణానికి బదులు కిందికి చూసే బాణం గుర్తుతో 22 వస్తే, ఎవరో దాన్ని ఆపి ఉంచారని అర్థం. 43 అంటే ఆ పరికరమే తనలో ఏదో ఇబ్బంది ఉందని తెలిపినందువల్ల విండోస్ దాన్ని పక్కన పెట్టిందని అర్థం. పరికరం పేరు కూడా తెలియక "అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్" అని మాత్రమే వస్తే, నేను డ్రైవరు జోలికి వెళ్లకుండా మళ్లీ తీగ దగ్గరికే వస్తాను; తన పేరు చెప్పుకోవడానికే ఓపిక లేని పరికరానికి డ్రైవరు ఎక్కించి ఏం ప్రయోజనం? పేరు లేకున్నా పరికరం గుర్తింపు సంఖ్య అయిన హార్డ్‌వేర్ ఐడీ కనిపిస్తే ఊరట. అందులో తయారీదారు సంఖ్య నాలుగు అంకెలూ అక్షరాలుగా ఉంటుంది. 04బీ8 అని ఉంటే ఎప్సన్, 04ఏ9 అని ఉంటే కేనన్. ప్రింటరు మీది స్టిక్కరు చెరిగిపోయినా, దాన్ని బట్టి సరైన డ్రైవరు వెతుక్కోవచ్చు.

దసరా రోజుల్లో వచ్చే ఒక ఫిర్యాదు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆయుధపూజకు ముందు గది దులిపి, తీగలన్నీ తీసి, తుడిచి, మళ్లీ పెడతారు. ప్రింటరు తీగ ఇంతకు ముందున్న పోర్టులో కాక పక్క పోర్టులోకి చేరుతుంది. పరికరానికి సొంత క్రమసంఖ్య ఉండి, కంప్యూటరుకు అది చెప్పుకోగలిగితే పరవాలేదు. అలా చెప్పుకోలేని ప్రింటరైతే, అది కొత్తగా వచ్చిన మరొక ప్రింటరని విండోస్ భావించి, అదే పేరు చివర "కాపీ 1" అని చేర్చి రెండో బొమ్మను పెడుతుంది. ప్రోగ్రాము పాత అలవాటు కొద్దీ మొదటి పేరుకే కాగితాలు పంపుతుంది. అది "ఆఫ్‌లైన్" అంటుంది. కాగితాలు వరసలో పేరుకుపోతాయి. చూసేవారికి ప్రింటరు చచ్చిపోయిందనిపిస్తుంది. తీగను పాత పోర్టులోకి మార్చినా, కొత్త పేరును ముఖ్య ప్రింటరుగా ఎంచినా సమస్య తీరుతుంది. ముందుగా నిలిచిపోయిన వరసను మాత్రం ఖాళీ చేయాలి, లేకపోతే పండుగ ముందు నాటి కాగితాలన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి. వైఫై ప్రింటర్లలోనూ ఇలాంటిదే జరుగుతుంది. కరెంటు పోయి వచ్చాక రూటరు దానికి కొత్త చిరునామా ఇస్తే, కంప్యూటరు పాత చిరునామాకే పంపుతూ కూర్చుంటుంది.

పొందూరులో ఒక బట్టల దుకాణం నుంచి బార్‌కోడ్ స్కానరు పిచ్చిపిచ్చిగా చదువుతోందని ఫోను వచ్చింది. ఈ స్కానర్లలో చాలావరకు కంప్యూటరుకు కీబోర్డుగానే పరిచయమవుతాయి. గీతలు చదివి, ఆ అక్షరాలను ఎవరో టైపు చేసినట్టే పంపుతాయి. నోట్‌ప్యాడ్ తెరిచి ఒక చీర చీటీని చదివించమన్నాను. అంకెలు సరిగానే వచ్చాయి, ఇంగ్లీషు పెద్ద అక్షరం కే (K) ఉండాల్సిన చోట మాత్రం "ఖ" వచ్చింది. దుకాణంవారు ధర పట్టిక రాసుకోవడానికి తెలుగు కీబోర్డు పెట్టుకుని, తిరిగి మార్చడం మరిచారు. ఆ తెలుగు కీబోర్డుకు ఉన్న ఇన్‌స్క్రిప్ట్ అనే అక్షరాల అమరికలో పెద్ద కే నొక్కితే వచ్చేది "ఖ"యే కనుక, స్కానరు తన పని తాను నిక్కచ్చిగా చేసింది.

పలాస వైపు వేలిముద్రల సంగతి వేరు. అక్కడ జీడిపిక్కలు ఒలిచే చేతులకు పిక్క పైపెంకులోని రసం తగిలి చర్మం కాలుతుంది, పొరలుగా లేస్తుంది. వేలి గీతలు అరిగిపోతాయి. ఆధార్ ధ్రువీకరణలో 300 అనే సంఖ్య వస్తే, యంత్రం ముద్రను తీసుకుంది కానీ అది నమోదైన ముద్రతో కలవలేదని అర్థం. 720 వస్తే యంత్రమే సిద్ధంగా లేదని అర్థం. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి "మెషీన్ పనిచేయట్లేదు" అంటే, బాగున్న యంత్రం మారుతుంది, అదే మనిషి మళ్లీ వరసలో నిలబడాలి. 300 వచ్చినప్పుడు అదే యంత్రం మీద మరొకరి వేలు పెట్టించి చూడమంటాను. వారిది కుదిరితే యంత్రాన్ని వదిలేసి, ముద్ర కలవని మనిషికి మరో వేలో, కంటిపాపో, ఫోనుకు వచ్చే ఓటీపీయో వీలవుతుందేమో చూడాలి. పూజ రోజు గాజు పలక మీద పెట్టిన కుంకుమ బొట్టును కూడా, భక్తికి లోటు లేకుండా, మెత్తని గుడ్డతో తుడవాలి.

తెరను పరాయివారి చేతికి ఇవ్వడం గురించి ఒక మాట. మీరు ఎరిగిన మనిషికి మీరు ఫోను చేసి, తెర చూపడం ఒకటి. "మీ కంప్యూటరులో వైరస్ ఉంది" అంటూ ఎవరో తామే ఫోను చేసి ఎనీడెస్క్ సంఖ్య అడగడం మరొకటి. రెండోదానికి సంఖ్య చెప్పనక్కర్లేదు, ఫోను పెట్టేస్తే చాలు. ఒకవేళ డబ్బు పోయిందంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. నిజమైన మరమ్మతుకు కూడా బ్యాంకు పేజీలు మూసేసి, తెర ముందే కూర్చుని చూడండి. ప్రింటరు బాగుచేసేవారికి మీ పిన్నుతో పనేమీ ఉండదు.

ప్రింటు వచ్చిందనగానే నేను ఫోను పెట్టేయను. కంప్యూటరును ఒకసారి పూర్తిగా ఆపి మళ్లీ వేయించి, విండోస్ పరీక్ష కాగితాన్ని మరొకటి తీయిస్తాను. ఆ కాగితం మీద ప్రింటరు పేరు, డ్రైవరు పేరు, పోర్టు పేరు అచ్చవుతాయి. దాన్ని పారేయకుండా బీరువా తలుపు లోపలి వైపు అంటించి ఉంచమంటాను. తరువాత ఎప్పుడైనా ఇంటర్నెట్ లేని రోజున ప్రింటరు మొరాయిస్తే, ఆ మూడు పేర్లూ ఫోనులో చదివి వినిపించవచ్చు.