డ్రిప్ కింద నేలలో నీళ్లు ఎటు పోతాయి?

(దగ్గరి షాట్: డ్రిప్పర్ నుంచి చుక్కలు. మట్టి మీద అరచేతంత తడి.)

ఈ తడి చూశారా, అరచేతంతే ఉంది. డ్రిప్ కొత్తగా వేసుకున్నవాళ్లు చాలామంది ఇది చూసే టెన్షన్ పడిపోయి, ఇంత తడి మొక్కకు ఏ మూలకని ఇంకో రెండు గంటలు మోటారు వదిలేస్తారు. ఆగండి, ముందు పార పట్టుకుని పక్కనే తవ్వుదాం.

(షాట్: డ్రిప్పర్‌ను ఆనుకుని నిలువుగా కోసిన గుంట.)

ముదురు రంగులో కనిపించేదంతా తడి. పైన అరచేతంత, జానెడు లోతుకు వెళ్లేసరికి దానికి రెట్టింపు, ఇంకా కిందికి పోతే మళ్లీ సన్నబడుతోంది. ఉల్లిగడ్డను నిలువుగా కోసినట్టు లేదూ? ఇది అటు ఇసుకా ఇటు బంకా కాని మధ్యరకం నేల.

నీటిని కిందికి లాగేది భూమ్యాకర్షణ, అది తెలిసిందే. పక్కలకు లాగేది మాత్రం మట్టి రేణువుల మధ్య సందులు. దీపం వత్తి నూనెను పైకి పీల్చుకుంటుంది కదా, మట్టి కూడా అలాగే నీటిని పక్కలకీ, కొంత పైకీ పీల్చుకుంటుంది. సందు ఎంత సన్నగా ఉంటే పీల్పు అంత ఎక్కువ.

ఇసుక నేలలో సందులు పెద్దవి, పీల్పు తక్కువ, అందుకే నీళ్లు తిన్నగా దిగిపోయి తడి ముల్లంగిలా తయారవుతుంది. బంక నేలలో ఇంకడమే నెమ్మది, డ్రిప్పర్ కింద చిన్న మడుగు కట్టి, పక్కలకు పాకి, తడి వెడల్పాటి గిన్నెలా ఉంటుంది. గంటకు 4 లీటర్లిచ్చే అదే డ్రిప్పర్, అంతే సేపు నడిపినా సరే.

ఇసుక నేలలో తడి వెడల్పు కావాలని గంటలకొద్దీ వదిలితే ఏమవుతుందంటే, ముల్లంగి లావెక్కదు, పొడుగవుతుంది. వేర్లు దాటి దిగిన నీరు తిరిగి రాదు, పైగా మీరు డ్రిప్‌లో కలిపి పంపిన యూరియాని కూడా వెంట తీసుకుపోతుంది. అక్కడ డ్రిప్పర్లు దగ్గరదగ్గరగా పెట్టుకుని, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు వదలడమే మేలు.

(షాట్: తడి అంచున తెల్లటి పొర.)

ఇదిగో, అసలు చాలామంది పట్టించుకోనిది ఇది. నీళ్లలో ఉన్న ఉప్పు నీటితో పాటే బయటికి జరుగుతూ తడి అంచుదాకా వస్తుంది, అక్కడ నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. అంచున ఉన్నంతసేపు దాంతో పేచీ లేదు. చినుకులు మొదలయ్యాయని డ్రిప్ ఆపేస్తాం చూడండి, అప్పుడే చిక్కు: ఆ కొద్దిపాటి వాన ఉప్పును కరిగించి వేర్ల దగ్గరికి తోసేస్తుంది. ఉప్పు నీళ్లు వాడే చోట చిన్న వాన పడేటప్పుడు డ్రిప్ నడపమంటారు. వానలో నీళ్లు పెట్టడమేంటని పక్కవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. లోపలి నుంచి నీళ్లు వస్తుంటే ఉప్పు బయటే ఆగుతుంది.

ఇంకొక్క విషయం. మోటారు కట్టేసినా మట్టిలో నీళ్లు ఆగవు, తడిగా ఉన్నచోటి నుంచి పొడిగా ఉన్నచోటికి మెల్లగా జరుగుతూనే ఉంటాయి. అందుకే మీ నేలలో తడి ఎంత దూరం పోతోందో తెలియాలంటే ఆపిన వెంటనే కాదు, మర్నాడు తవ్వండి. పక్క డ్రిప్పర్ తడితో ఇది కలిసిందా, వేర్లు ఎంత లోతులో ఉన్నాయి, పదును ఎక్కడిదాకా దిగింది, ఈ మూడూ ఆ ఒక్క గుంటలోనే కనిపిస్తాయి.

పూడ్చేటప్పుడు మట్టిని కాలితో బాగా అదమండి. వదులుగా వదిలేస్తే నీళ్లు ఆ గుంటలోంచే సూటిగా కిందికి జారిపోతాయి.