పాత బాక్స్‌స్టర్, కొత్త బాక్స్‌స్టర్: రెండూ నడిపి చెబుతున్నా

అందరికీ నమస్కారం. ముందు ఒక్క నిమిషం నేనేమీ మాట్లాడను. ఈ వెండిరంగు కారు స్టార్ట్ చేస్తున్నాను, వినండి.

విన్నారు కదా. ఇప్పుడు పక్కనున్న ఎర్ర కారు.

రెండింటి పేరూ ఒకటే, పోర్షే బాక్స్‌స్టర్. రెండింట్లోనూ ఇంజన్ ఉన్నది ఒకే చోట: సీట్ల వెనక, వెనక చక్రాలకు ముందు. కానీ కళ్లు మూసుకుని వింటే ఈ రెండు గొంతులూ ఒకే ఇంట్లో పుట్టాయని ఎవరూ అనరు. ఈ వీడియో అంతా ఆ తేడా గురించే.

వెండిరంగుది మొదటి తరం. కంపెనీ పెట్టిన కోడ్ 986. ఇది 2001 మోడల్ బాక్స్‌స్టర్ ఎస్. 3.2 లీటర్లు, ఆరు సిలిండర్లు, 252 హార్స్‌పవర్. ఎర్రది నాలుగో తరం, 2017 మోడల్ 718 బాక్స్‌స్టర్ ఎస్. 2.5 లీటర్లు, నాలుగే సిలిండర్లు, టర్బో, 350 హార్స్‌పవర్. రెండూ ఆరు గేర్ల మాన్యువల్. రెండూ మా మిత్రులవి, నాలుగు రోజులు నా చేతికిచ్చారు. మధ్యలో 987, 981 అని మరో రెండు తరాలున్నాయి. అవి కూడా ఇదివరకు నడిపాను, సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

మిడ్ ఇంజన్ అంటే ఏమిటని ప్రతి వీడియో కింద ఎవరో ఒకరు అడుగుతారు. ఒకసారి కావడి ఊహించుకోండి. రెండు చివర్లా నిండు బిందెలు వేలాడుతుంటే గిర్రున పక్కకు తిరగలేం. తిరగడం మొదలుపెట్టాక ఆగడం ఇంకా కష్టం. అవే బిందెలు భుజం దగ్గరికి జరిపితే, బరువు అదే అయినా, ఇటు తిరగమంటే ఇటు, అటు తిరగమంటే అటు. కారులో అన్నిటికన్నా బరువైన వస్తువు ఇంజన్. దాన్ని రెండు యాక్సిళ్ల మధ్యకు తెస్తే జరిగేది ఇదే. స్టీరింగ్ తిప్పిన క్షణంలోనే ముందు భాగం మలుపులోకి వంగుతుంది. పైగా ఇది బాక్సర్ ఇంజన్, సిలిండర్లు నిలువుగా కాక అటూ ఇటూ పడుకుని ఉంటాయి. అందుకని బరువు నేలకు దగ్గరగా ఉంటుంది. బాక్సర్, రోడ్‌స్టర్ (టాప్ దించుకోగల రెండు సీట్ల కారు) రెండు మాటలూ కలిపి బాక్స్‌స్టర్ అన్నారు.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. తేలిగ్గా తిరిగే కారు, అదుపు తప్పినప్పుడు కూడా అంతే తేలిగ్గా తిరుగుతుంది. తడిరోడ్డు మీద మలుపు మధ్యలో భయపడి ఆక్సిలరేటర్ మీద నుంచి కాలు చటుక్కున తీస్తే బరువు ముందుకు పోతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి, కారు బొంగరమవుతుంది. సర్దుకునే టైమ్ ఇవ్వదు. కారు జారినప్పుడు తనంతట తానే సర్దే స్టెబిలిటీ కంట్రోల్ 986లో ఆప్షన్‌గానే వచ్చింది, చాలా కార్లలో ఉండదు. పాత బాక్స్‌స్టర్ మొదటిసారి నడిపేవాళ్లు దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి.

కథ కొంచెం వెనక్కి తీసుకెళ్తాను. 1990ల మొదట్లో పోర్షే పరిస్థితి ఏం బాగాలేదు, అమ్మకాలు పడిపోయాయి. 1993 జనవరిలో డెట్రాయిట్ ఆటో షోలో బాక్స్‌స్టర్ కాన్సెప్ట్ పెట్టారు. చూసినవాళ్లకు తెగ నచ్చింది. 1996లో అసలు కారు వచ్చింది. ఖర్చు తగ్గించడానికి దీన్నీ, తర్వాత వచ్చిన 996 కోడ్ 911నీ (పోర్షే వాళ్ల మరో స్పోర్ట్స్ కారు) కలిపి తయారు చేశారు. అందుకే రెండింటికీ హెడ్‌లైట్లు, ముందు భాగం ఒకటే. ఆ హెడ్‌లైట్లను కోడిగుడ్డు ఆమ్లెట్‌తో పోల్చి ఏళ్ల తరబడి వెక్కిరించారు. నాకు మాత్రం నచ్చుతాయి. దగ్గరకు వచ్చి చూడండి. ఇండికేటర్, ఫాగ్ లైట్, హెడ్‌లైట్ అన్నీ ఒకే గాజు కింద ఉన్నాయి. ఇరవై ఏళ్లు దాటినా ఈ కారు బొమ్మలో ఒక్క అనవసరమైన గీత కనిపించదు. కంపెనీని నిలబెట్టిన కారు ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు టాప్ దించుదాం. 986లో ముందు అద్దం పైన మధ్యలో ఒక పిడి ఉంది, దాన్ని చేత్తో తిప్పి విడదీయాలి. తర్వాత బటన్ నొక్కి పట్టుకోవాలి. ఆగండి, ఇక్కడ నేను బటన్ వదిలేస్తున్నాను. టాప్ సగంలో ఆగింది. ఈ కారుకి వెనక కిటికీ గాజు కాదు, ప్లాస్టిక్. అలాగే మడిస్తే మధ్యలో ముడత పడుతుంది, ఆ ముడత కొన్నాళ్లకు చీలికవుతుంది. అందుకని ఓనర్లు కారు దిగి, ఇదిగో ఇలా, అరచేతి అంచుతో ప్లాస్టిక్‌ని మధ్యలో మెల్లగా లోపలికి నొక్కుతారు. అది గుండ్రంగా ఒదిగాక మళ్లీ బటన్. చలిలో అయితే అసలు మడవకపోవడమే మంచిది, ప్లాస్టిక్ బిరుసెక్కి ఉంటుంది. 2003 మోడల్ నుంచి గాజు కిటికీ ఇచ్చారు, ఈ పని తప్పింది.

ఎర్ర కారులో వేలు పెడితే చాలు. పిడీ లేదు, దిగే పనీ లేదు. 50 కిలోమీటర్ల వేగం లోపు కారు కదులుతుండగానే టాప్ దిగిపోతుంది. రోజూ వాడే మనిషికి ఇది చిన్న సుఖం కాదు.

డిక్కీలు రెండింటికీ రెండేసి, ముందొకటి, వెనకొకటి. ఇంజన్ మాత్రం ఎక్కడా కనిపించదు. ఆయిల్, కూలెంట్ పోసే మూతలు వెనక డిక్కీలోనే ఉంటాయి. ఇంజన్ చూడాలంటే సీట్ల వెనక కార్పెట్ తీసి, దాని కింద మూత విప్పాలి.

ఇక రోడ్డు మీదికి. ముందు పాత కారు.

సీట్లో కూర్చోగానే తెలిసేది సైజు. బయట ఎంత చిన్నదో లోపల అంత విశాలంగా అనిపిస్తుంది, చుట్టూ బాగా కనిపిస్తుంది. ముందు టైర్ల వెడల్పు 205 మిల్లీమీటర్లు మాత్రమే, ఎర్ర కారువి 235. పవర్ స్టీరింగ్ హైడ్రాలిక్, అంటే మోటార్‌తో కాదు, ఆయిల్ ఒత్తిడితో సాయపడేది. సన్నటి టైరు, ఆ స్టీరింగ్ కలిస్తే ఏమవుతుందో చెబుతాను. ఇప్పుడు రోడ్డు మీద అతుకు దాటాం, అది నా బొటనవేలికి తెలిసింది. మలుపులో ఎడమ టైరు కింద ఇసుక ఉంది, స్టీరింగ్ కొద్దిగా తేలికైంది. టైరు పట్టు ఎంత మిగిలిందో లెక్క వేసుకోనక్కర్లేదు, చేతుల్లోకి వచ్చేస్తుంది.

ఇంజన్ కింద రెవ్వుల్లో, అంటే నిమిషానికి తక్కువ చుట్లు తిరిగేటప్పుడు, సాధువు. 305 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, పూర్తిగా వచ్చేది 4,500 చుట్ల దగ్గరే. అక్కడి దాకా మామూలు కారులా ఉంటుంది, ఆ తర్వాత లేస్తుంది. 6,000 దాటాక ఆ ఆరు సిలిండర్ల శబ్దం సన్నబడి, బిగుసుకుని, ఒక స్వరంలా అయిపోతుంది. అది సైలెన్సర్ నుంచి మాత్రమే వచ్చే శబ్దం కాదు. కారు ఎడమ పక్కన, తలుపు వెనక ఉన్న గాలి రంధ్రం చూశారా? ఇంజన్ ఊపిరి పీల్చేది అక్కడి నుంచే. టాప్ దించితే చెవి పక్కనే పీలుస్తుంది. వంద కిలోమీటర్ల వేగానికి 5.9 సెకన్లు. ఇవాళ మామూలు ఎలక్ట్రిక్ కార్లు కూడా దీన్ని దాటేస్తాయి. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా నాకు స్పీడ్ చాలలేదు అనిపించలేదు.

ఇప్పుడు ఎర్ర కారు.

న్యాయంగా చెప్పాలి, ఇది ఎంతో మెరుగైన యంత్రం. 420 న్యూటన్ మీటర్లు, అదీ 1,900 నుంచే. మలుపు నుంచి బయటికి వచ్చి ఏ గేరులో ఉన్నా కాలు నొక్కితే చాలు, పికప్ అలా ఉంది. మాన్యువల్‌తోనే వందకి 4.6 సెకన్లు. ఇంత చేసీ బరువు పాత కారు కన్నా 60 కిలోలే ఎక్కువ, అది 1,295, ఇది 1,355. ఇన్ని ఎయిర్‌బ్యాగులు, ఇంత గట్టి బాడీ పెట్టి అరవై కిలోలతో సరిపెట్టడం మామూలు పనితనం కాదు. పాత కారు గుంతలో పడితే ముందు అద్దం ఫ్రేమ్ సన్నగా వణకడం కనిపిస్తుంది. ఇందులో ఆ మాటే లేదు. బ్రేకులు, మలుపులో పట్టు, సీట్లు, దేనికీ పాతదానితో పోలిక లేదు.

అయినా దిగేటప్పుడు మనసులో ఏదో వెలితి. మొదటి రోజు అదేమిటో పట్టుకోలేకపోయాను. రెండో రోజు అర్థమైంది. ఈ ఇంజన్ 3,000 దగ్గరే చేయాల్సినదంతా చేసేస్తుంది. 6,500 దాకా వెళ్లడానికి కారణం మిగలదు. పాత కారులో గేరు మార్చాలా, ఇంకో క్షణం ఆగాలా అన్న ప్రశ్న ప్రతి మలుపు దగ్గరా వస్తుంది. ఆ ప్రశ్నలోనే నా ఆనందం ఉంది. పైగా గేర్లు చాలా పొడుగు. రెండో గేరులోనే వంద దాటేసి ఇంకా లాగుతుంది, మామూలు రోడ్డు మీద మూడో గేరు పని పూర్తిగా చూసే అవకాశమే రాదు. శబ్దం సంగతి మీరే విన్నారు. గట్టిగా ఉంది, గరగర ఉంది, పాట లేదు.

ఎందుకిలా చేశారంటే, కారణం పొగ నిబంధనలు. ఇంజన్ చిన్నది చేసి టర్బో తగిలిస్తే పరీక్షలో ఇంధనం, కార్బన్ డయాక్సైడ్ లెక్కలు తగ్గుతాయి. 1957 నాటి 718 రేసు కారుకీ నాలుగు సిలిండర్ల బాక్సర్ ఇంజనే ఉండేది, అందుకని ఆ పేరు తెచ్చి పెట్టారు. జనం మాత్రం ఆరు సిలిండర్లే కావాలన్నారు. 2020లో 4.0 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్‌తో, టర్బో లేకుండా, 718లోనే జీటీఎస్ అనే రకం వచ్చింది. 400 హార్స్‌పవర్. 2025లో 718ల తయారీ ఆగింది. కొత్త తరంలో డబ్బుకి వెనుకాడని వాళ్లు వెతకాల్సింది ఆ జీటీఎస్‌నే. పొడుగు గేర్ల జబ్బు మాత్రం దానికీ ఉంది.

మధ్య తరాల గురించి చెబుతానన్నాను. 2012లో వచ్చిన 981 చూడడానికి అన్నిట్లోకీ అందగత్తె. ఆరు సిలిండర్లు ఉన్నాయి, గట్టి బాడీ ఉంది. కానీ ఎలక్ట్రిక్ స్టీరింగ్ మొదలైంది దానితోనే. తిప్పినంత కచ్చితంగా తిరుగుతుంది, రోడ్డు కబుర్లు మాత్రం సగమే చెబుతుంది. 987లో హైడ్రాలిక్ స్టీరింగే. 2009లో దానికి పూర్తిగా కొత్త ఇంజన్ పెట్టారు. ఇది చాలా ముఖ్యం, ఎందుకో చెబుతాను.

986 కొనాలనుకునే వాళ్లకు టెన్షన్ అంతా ఐఎంఎస్ (ఇంటర్మీడియట్ షాఫ్ట్) బేరింగ్ గురించే. పిస్టన్లు తిప్పే క్రాంక్ నుంచి, వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్టులకు కదలిక అందించడానికి మధ్యలో ఒక షాఫ్టు ఉంది. దాని చివర సీల్ చేసిన బేరింగ్. ఏళ్లు గడిచేకొద్దీ సీల్ గట్టిపడుతుంది, లోపలి గ్రీజు పోతుంది, బేరింగ్ అరుగుతుంది. అది విరిగితే టైమింగ్ తప్పి పిస్టన్లూ వాల్వులూ కొట్టుకుంటాయి, ఇంజన్ పోయినట్టే. అన్ని కార్లలోనూ జరగదు, కానీ జరిగితే కారు విలువకు మించి ఖర్చు. ఆ బేరింగ్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి. కాబట్టి క్లచ్ మార్చే రోజునే ఇదీ మార్పించేయండి. సర్వీస్ రికార్డులో ఆ బిల్లు ఉన్న కారుకి కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు. 2009 ఇంజన్‌లో ఆ షాఫ్టే లేదు, కాబట్టి ఆ భయమూ లేదు.

ఇంకో రెండు చోట్లు చూడండి. టార్చ్ తీసుకుని ముందు బంపర్ రంధ్రాల్లోకి వెలుగు వేయండి. ఇదిగో, ఎండుటాకులు. వీటి వెనకే రేడియేటర్లు ఉన్నాయి. ఆకులు తడిసి, కుళ్లి, రేడియేటర్‌ని తినేస్తాయి. ఏడాదికోసారి బంపర్ తీసి శుభ్రం చేయిస్తే చాలు. తర్వాత సీటు కింద కార్పెట్ తడి ఉందేమో చెయ్యి పెట్టి చూడండి. టాప్ మడిచే చోట నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోతే ఆ నీరంతా సీటు కిందికి చేరుతుంది. కారు స్టార్ట్ అవ్వాలంటే కావాల్సిన కంట్రోల్ యూనిట్ ఉన్నది సరిగ్గా అక్కడే.

ఏది కొనమంటావు అని అడిగేవాళ్లకు నా మాట. రోజూ ఆఫీసుకు కూడా ఇదే కారు అయితే, పాత కార్లతో గ్యారేజీల చుట్టూ తిరిగే ఓపిక లేకపోతే, 718 తీసుకోండి, ఏ లోటూ ఉండదు. ఒక్క కారే ఉంచుకోమంటే నేను మాత్రం 2009 తర్వాతి 987 ఎస్ మాన్యువల్ వెతుక్కుంటాను. 310 హార్స్‌పవర్, ఆరు సిలిండర్లు, హైడ్రాలిక్ స్టీరింగ్, బేరింగ్ బెంగ లేదు. ఇవాళ మన ముందున్న రెండింట్లో అయితే ఒక్క క్షణం ఆలోచించను, వెండిరంగుదే.

ఎర్ర కారు తాళం సాయంత్రమే ఇచ్చేశాను. ఇది రేపు పొద్దున ఇవ్వాలి. ఇప్పుడు మైక్ తీసి ఆ ఎడమ పక్క గాలి రంధ్రం దగ్గర కడుతున్నాను. హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. మూడో గేరు, 4,000 నుంచి 7,000 దాకా.