పోకర్ టేబుల్ దగ్గర జిత్తులు, మన జాగ్రత్తలు

కావలి ఊరి పెద్దలకూ, వెనక నిలబడ్డ తమ్ముళ్లకూ నమస్కారం. ముందు వరసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

నేను పుట్టింది ఇక్కడికి దగ్గర్లోనే. పనిచేసింది మాత్రం గోవాలో, పణజి దగ్గర మాండవి నదిలో ఉండే కేసినో ఓడల మీద. పోకర్ అనే పేకాట టేబుల్ దగ్గర డీలర్‌ని. డీలర్ ముక్కలు పంచుతాడు, పాట్, అంటే టేబుల్ మధ్య పోగైన పందెం, లెక్క చూస్తాడు, ఆట ఆడడు. ఎవరు గెలిచినా అతనికి ఒకటే కాబట్టి, ఆడేవాళ్ల కంట పడనివి చాలా అతని కంట పడతాయి. ఆ చూసినవే ఈరోజు చెబుతాను.

ఇప్పుడే ఎందుకంటే, 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. మన రాష్ట్రం అంతకుముందే, 2020లోనే, తన గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ ఆటలను అందులోకి తెచ్చింది. దాంతో ఫోన్లో ఆడడం అలవాటైన కుర్రాళ్లు ఇప్పుడు నలుగురు కలిసి కారేసుకుని గోవా పోతున్నారు. ఫోన్లో ఆడేటప్పుడు మన వంతు రాకుండా బటన్ పనిచేయదు, ఎదుటివాడి దగ్గర ఎంత ఉందో అంకె కనిపిస్తుంది. నిజం టేబుల్ మీద అవేవీ ఉండవు. అన్నీ మనమే చూసుకోవాలి. జిత్తులు పుట్టేది అక్కడే.

మోసం వేరు, జిత్తు వేరు. ముక్కకు గుర్తు పెట్టడం, ముక్క దాచడం మోసం. పట్టుబడితే బయటికి పంపేస్తారు. జిత్తు అలా కాదు. రూలు దాటినట్టు కనిపించదు, అడిగితే "పొరపాటున అలా అయింది" అంటారు. దీన్నే ఆటగాళ్లు యాంగిల్ షూటింగ్ అంటారు. నా లెక్కలో ఇదే ఎక్కువ హీనం. ఎందుకంటే ఇది కొత్తవాడి బెరుకు మీద బతుకుతుంది.

కళ్లారా చూసినది ఒకటి చెబుతాను. మన వైపు నుంచి వచ్చిన రొయ్యల రైతు ఒకాయన ఆడుతున్నాడు. రొయ్యలు పట్టి అమ్మేసి చేతిలో డబ్బున్న రోజులు. ఆయన ముందు అరవై వేల రూపాయల చిప్స్, అంటే డబ్బుకు బదులు పెట్టే బిళ్లలు, ఉన్నాయి. ఎదురుగా ఉన్నవాడి ముందు చిన్న చిప్స్ దొంతరలు, చూపుకు పదిహేను వేలు దాటవు. అందరికీ ఉమ్మడిగా టేబుల్ మీద పరిచే ముక్కల్లో చివరిది, అంటే రివర్ పడింది. మనాయన పోతే పదిహేను వేలేగా అనుకుని "ఆల్ ఇన్", అంటే ఉన్నదంతా పందెం అన్నాడు. వాడు క్షణం కూడా ఆలోచించకుండా "కాల్", అంటే నేనూ అంత పెడతాను అని, మోచెయ్యి పక్కకు తీశాడు. దొంతరల వెనక పాతికవేల చిప్పులు రెండున్నాయి. మనాయన అరవై వేలూ పోయాయి. టేబుళ్ల మీద గొడవలు తీర్చే ఫ్లోర్ మేనేజర్ వచ్చాడు, వాడిని గట్టిగా మందలించాడు. కానీ ఆ చిప్పులు టేబుల్ మీదే ఉన్నాయి, జేబులోంచి తీసినవి కావు. పందెం చెల్లింది.

పెద్ద చిప్పులు ముందు వరసలో, అందరికీ కనిపించేలా పెట్టాలన్నది రూలు. కాబట్టి నోరు తెరిచి పందెం చెప్పకముందే "పెద్ద చిప్పులు ముందుకు పెట్టమనండి" అని డీలర్‌తో అనండి. అడిగితే కొత్తవాడని తెలిసిపోతుందేమో అని మనవాళ్లకు మొహమాటం. ఎన్నో ఏళ్లుగా ఆడేవాళ్లే అందరికంటే ఎక్కువగా అడుగుతారు, నేను చూశాను.

ముక్కలు తిప్పే సమయంలో ఇంకా పెద్ద నష్టం జరుగుతుంది. ఎదుటివాడు "ఫ్లష్", అంటే ఒకే జాతి ముక్కలు అయిదున్నాయి అంటాడు, చేతిలోని రెండు ముక్కల్లో ఒకటి మాత్రం చూపిస్తాడు. మీ దగ్గర రెండు జతలున్నాయి, ఓడిపోయామనుకుని ముక్కలు విసిరేస్తారు. అప్పుడు రెండో ముక్క తిప్పుతాడు. ఫ్లష్ లేదు, ఏమీ లేదు. "సరిగ్గా చూసుకోలేదు" అంటాడు. పోకర్‌లో నోటి మాటతో ఎవరూ గెలవరు, తిప్పిన ముక్కలదే తీర్పు. కానీ మీరు విసిరినవి చెత్త ముక్కల్లో కలిసిపోతే మళ్లీ బయటికి రావు. అందుకే ఎదుటివాడి రెండు ముక్కలూ టేబుల్ మీద వెల్లకిలా పడేదాకా మీవి వదలొద్దు. గెలిచినా సరే, డీలర్ పాట్ మీ వైపు తోసేదాకా ముక్కల మీద నుంచి చెయ్యి తీయొద్దు.

అదే వరసలో ఇంకొకటి. ముక్కలు ఎత్తి, వదిలేస్తున్నట్టు ముందుకు చాచి, చేతిలోనే పట్టుకుంటారు. మీరు గెలిచామనుకుని మీవి తిప్పుతారు. అప్పుడు చెయ్యి వెనక్కి తీసుకుని, మీ ముక్కలు చూసి మరీ నిర్ణయం తీసుకుంటారు. ఎదుటివాడి ముక్కలు డీలర్ చేతిలో చేరేదాకా తొందరపడకండి.

డీలర్‌కు అటూ ఇటూ కూర్చున్నవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. పక్కవాడు విసిరిన ముక్కలు వచ్చి మీ ముక్కల్లో కలిస్తే ఆ పంపకంలో మీ ఆట చెల్లకుండా పోవచ్చు. హడావుడిలో డీలరే మీ ముక్కలు లాగేసుకోవచ్చు కూడా. ముక్కలు అందగానే వాటి మీద ఒక చిప్పు పెట్టండి. ఆ పని చేయనివాళ్లే తర్వాత నాతో గొడవపడేవాళ్లు.

పందెం రెండు విడతలుగా పెట్టడం అందరికీ తెలిసిందే. కొన్ని చిప్స్ ముందుకు పెట్టి, మీ మొహం చూసి, మళ్లీ తమ దొంతరలోకి చెయ్యి పెట్టడం. స్ట్రింగ్ బెట్ అంటారు, చెల్లదు. "రైజ్", అంటే పందెం పెంచుతున్నాను అని చెప్పకుండా ఒకే పెద్ద చిప్పు వేస్తే అది కాల్ కిందే లెక్క. మీ మీద దీన్ని వాడకుండా ఉండాలంటే మీరు కూడా చిప్స్ కదిపే ముందు అంకె నోటితో చెప్పడం అలవాటు చేసుకోండి. నోటితో చెప్పిన తర్వాత ఎవరూ మెలిక పెట్టలేరు.

ఇద్దరు కలిసి ఆడే ఆట పట్టుకోవడం కష్టం. దేవుడి మాన్యం కౌలు వేలంలో ఇద్దరు కూడబలుక్కుని పాట పెంచినట్టు, మిమ్మల్ని మధ్యలో పెట్టి ఒకడు రైజ్ చేస్తాడు, రెండోవాడు దాని మీద రైజ్ చేస్తాడు. మీరు తప్పుకోగానే ఇద్దరూ చల్లబడి, ఇంక పందెం పెట్టకుండా చెక్, చెక్ అంటూ పోతారు. ఒక్కసారి జరిగితే ఏమీ కాదు. మళ్లీ మళ్లీ ఆ ఇద్దరి మధ్యే జరుగుతుంటే టేబుల్ మార్చమని ఫ్లోర్ మేనేజర్‌ను అడగండి. రుజువులు చూపక్కర్లేదు, నాకు ఇక్కడ ఇష్టం లేదంటే చాలు.

ఇక్కడ మనవాళ్ల సంగతి కూడా చెప్పాలి. నెల్లూరు, ఒంగోలు కుర్రాళ్లు ఒకే టేబుల్ మీద కూర్చుని, "ఏందన్నా, నీ కాడ రాజు ఉండాదా" అని తెలుగులో మాట్లాడుకోవడం నేనెన్నో సార్లు ఆపాను. వాళ్లకది సరదా. పక్కన కూర్చున్న గుజరాతీ ఆయనకు అది నిలువు దోపిడీ. ఆట నడుస్తుండగా ఒకరి ముక్కల గురించి ఇంకొకరితో మాట్లాడకూడదు, టేబుల్ మీద అందరికీ అర్థమయ్యే భాషే వాడాలి. స్నేహితుడే కదా అని అతని మీద మెత్తగా ఆడడం కూడా మూడోవాడికి చేసే అన్యాయమే. కలిసి వెళ్లినవాళ్లు వేరువేరు టేబుళ్ల మీద కూర్చోండి.

ఇంతవరకూ చెప్పిందంతా ఫ్లోర్ మేనేజర్, కెమెరాలు, రాసిపెట్టిన రూల్స్ ఉన్నచోట. మరి మన సరుగుడు తోటల్లో, రొయ్యల గుంటల షెడ్లలో? పొగాకు వేలం డబ్బులు చేతికొచ్చినప్పుడు, సంక్రాంతి మూడు రోజులూ జరిగే ఆటల్లో?

చట్టం సంగతి ముందు చెబుతాను. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని 1968లో సుప్రీంకోర్టు మన రాష్ట్రం కేసులోనే చెప్పింది. మూడు ముక్కలాటను అదృష్టం మీదే నడిచే ఆటగా చూసింది కూడా ఆ తీర్పులోనే. 1974 గేమింగ్ చట్టం కింద, పేకాట నడిపే స్థావరంలో దొరికితే నడిపేవాడి మీదే కాదు, ఆడేవాడి మీదా కేసు పడుతుంది. దాని ఫలితం ఏమిటంటే, అక్కడ మీకు అన్యాయం జరిగితే చెప్పుకోవడానికి మనిషి ఉండడు. జిత్తులవాడికి ఆ సంగతి మీకంటే బాగా తెలుసు.

టేబుల్ మీద బోర్లా పెట్టిన ఫోన్, మెరిసే లైటర్, స్టీలు పళ్లెం చూడండి. పంచేవాడి చేతి కింద అవి ఉంటే ప్రతి ముక్కా అందులో కనిపిస్తుంది. ముక్కల అంచు మీద గోటి నొక్కు వేలికి తెలుస్తుంది. అనుమానం వచ్చి మీరు పేక మార్చమని అడిగితే, "ఏం, మమ్మల్ని నమ్మవా?" అంటారు. ఆ మాట వినపడ్డ చోట ఇంక కూర్చోవద్దు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది టేబుల్ పక్కన అప్పిచ్చేవాడు. డబ్బు అయిపోగానే "ఆడు తమ్ముడూ, తర్వాత చూసుకుందాం" అంటాడు. తెల్లవారాక ప్రోనోటు మీద సంతకం తీసుకుంటాడు, అందులో చేబదులు అని రాస్తాడు. పందెం ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ చెబుతోంది. అది వాడికీ తెలుసు కాబట్టే కాగితంలో పేకాట అన్న మాట రానివ్వడు. ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లు ఈ హాల్లో ఎవరైనా ఉంటే, ఇంట్లో చెప్పండి, వెంటనే లాయరు దగ్గరికి వెళ్లండి. పొలం కాగితాలు అడిగేదాకా ఆగొద్దు.

నేను రెండు పేకలు, కొన్ని చిప్స్ తెచ్చాను. డబ్బు పెట్టం. ముందు వరసలోంచి ఆరుగురు రండి, ఆ దాచిన పెద్ద చిప్పు ఏ కోణంలో కనిపించకుండా పోతుందో ఒక్కొక్క కుర్చీలోంచి చూపిస్తాను.