పెన్సిల్ పట్టే సందు చాలు

పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, వెనక బల్లల మీద కూర్చున్న పిల్లలకు నమస్కారం.

సార్వా కోతలు అయిపోవచ్చాయి. ఈ పది పదిహేను రోజుల్లో మీ ఇళ్ళల్లో చాలాచోట్ల రాత్రిపూట అటక మీద గరగరలు మొదలై ఉంటాయి. మొన్నటిదాకా గట్ల కింద కాపురమున్న ఎలుకకి చేలో తిండీ పోయింది, నీడా పోయింది. అందుకని ఊళ్ళోకి వస్తోంది. సంక్రాంతి అయ్యాక చూద్దాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది. ఆడ ఎలుక మూడు వారాలు మోస్తుంది, ఈతకి ఆరు నుంచి పది పిల్లలు పెడుతుంది. ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో తామూ పిల్లల్ని పెడతాయి. అందుకే ఈ మాటలు ఇప్పుడే చెప్పాలని గ్రంథాలయం వారిని అడిగాను.

నేను వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎలుకలకి ఎర పెట్టాలంటే నూకలు 96 పాళ్ళు, నూనె 2 పాళ్ళు, ఎలుకల మందు 2 పాళ్ళు కలపాలని ఊరూరా తిరిగి రైతులకు చెప్పాను. అది చేలో చెయ్యాల్సిన పని, ఊరంతా ఒకేసారి చెయ్యాల్సిన పని. కానీ మా అమ్మ పెంకుటింట్లో ఎలుకలు పడినప్పుడు నేను ఇంట్లోనూ అదే చేశాను. ఎలుక తిన్నది, ఎక్కడో గోడ సందులో చచ్చింది, ఇల్లంతా వారం రోజులు కంపు. మందు తిన్న ఇంకో ఎలుకని అమ్మ పెంచుకున్న పిల్లి పట్టుకుంది. ఆ పిల్లి పోయింది. అమ్మ నన్నేమీ అనలేదు, కానీ దాని పాలగిన్నె చాలాకాలం అక్కడే ఉంచింది. నెల తిరక్కుండా అటక మీద మళ్ళీ చప్పుడు. ఉన్నవాటిని చంపాను గానీ అవి వచ్చిన దారిని వదిలేశాను. ఖాళీ అయిన ఇంట్లోకి కొత్తవి వచ్చి చేరాయి.

కాబట్టి ముందు దారి మూయాలి, తర్వాత తిండి ఎత్తిపెట్టాలి, చివరికి మిగిలినదాన్ని పట్టాలి. మనమంతా దీన్ని తలకిందులు చేస్తాం.

ఇంట్లో తిరిగేదేమిటో ముందు తెలుసుకోండి. అన్నీ ఒకటి కావు. ముక్కు పొడుగ్గా ఉండి, గోడ వెంట కిచకిచమంటూ పోయి, ఘాటు వాసన వేసేది చుంచు. అది ఎలుక జాతే కాదు, బొద్దింకల్నీ పురుగుల్నీ తింటుంది. దాన్ని చంపకండి, తలుపు తీసి బయటికి పొమ్మనండి. బియ్యపుగింజంత పెంటికలు వేసేది చిట్టెలుక. అంతకు రెండు మూడింతల పెంటికలు, అటక మీద పరుగులు ఉంటే అది ఇంటి ఎలుక. పునాది పక్కన మట్టి కుప్పగా తోడి పోసి ఉంటే పందికొక్కు. ఈ ఒక్క మాట మాత్రం చెప్పుకోవాలి: ఇంగ్లీషువాళ్ళు బాండికూట్ అంటారే, అది మన పందికొక్కే. మన మాట సముద్రాలు దాటి ఆస్ట్రేలియాలో వేరే జంతువుకి పేరైంది.

ఇక దారి సంగతి. నా జేబులో ఈ పెన్సిల్ చూడండి. ఇది దూరే సందులో చిట్టెలుక దూరుతుంది. బొటనవేలు పట్టే కన్నం ఉంటే ఎదుగుతున్న ఎలుక పిల్ల దూరుతుంది. తల పట్టిందంటే ఒళ్ళు సాగదీసుకుని వచ్చేస్తుంది. రేపు పొద్దున్నే ఒక పెన్సిల్ పట్టుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. కూర్చుని, వంగి, పాకి చూడండి. నిలబడి చూస్తే ఏమీ కనబడదు.

మొదట తలుపు కింద చూడండి. మన పాత ఇళ్ళకి గడప ఉండేది. తలుపు వచ్చి గడపకి ఆనుకునేది, కింద సందే ఉండేది కాదు. ఇప్పుడు టైల్స్ వేసి గడపలు తీసేస్తున్నారు. పసుపు పూసి బొట్టు పెట్టుకునే గడప ఇంటికి కాపలా కూడా కాసేదని నా నమ్మకం. గడప లేని తలుపుకి కింద అల్యూమినియం పట్టీ కొట్టించండి. రబ్బరు పట్టీ ఒక్కటే అయితే కొరికేస్తుంది. ఎలుక ముందు పళ్ళు బతికున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, అందుకని అది కొరకడం మానదు.

తర్వాత స్నానాలగది తూము, వంటింటి సింకు గొట్టం గోడలోకి పోయే చోటు, ఏసీ గొట్టం కోసం తొలిచిన కన్నం, కరెంటు తీగలు లోపలికొచ్చే చోటు. వీటిల్లో గుడ్డలు కుక్కితే గూడు కట్టుకోవడానికి దానికి సామాను ఇచ్చినట్టే. పచ్చి సిమెంటు ఒక్కటే పూస్తే రాత్రికి రాత్రే తవ్వేస్తుంది. అంట్లు తోముకునే స్టీలు పీచు గట్టిగా కుక్కి, దాని మీద సిమెంటు పూయండి. పందికొక్కు బొరియ అయితే గాజు పెంకులు కలిపి పూడ్చండి. తూముకి చిన్న కన్నాల ఇనుప జాలీ బిగించండి. పెంకుటిళ్ళవాళ్ళు చూరు కింద, గోడకీ వాసాలకీ మధ్య ఉన్న ఖాళీలు చూడాలి. మా అమ్మ ఇంట్లో దారి అక్కడే ఉంది. మామిడి కొమ్మ కప్పు మీదికి వాలితే కొట్టించండి. కొబ్బరిచెట్టుకి మనిషి ఎత్తున మూరెడు వెడల్పు నున్నటి రేకు చుట్టండి. రేకు మీద దాని గోళ్ళకి పట్టు దొరకదు.

ఎక్కడినుంచి వస్తోందో తెలియకపోతే? పడుకునే ముందు గోడ వారగా ముగ్గుపిండి పల్చగా చల్లండి. బియ్యప్పిండి కాదు, అది తినేస్తుంది. ముగ్గురాయి పిండే చల్లాలి. తెల్లారేసరికి అడుగులు, మధ్యలో తోక గీత కనబడతాయి. అవే దారి చూపిస్తాయి. ఎలుక నడిగదిలో నడవదు, మీసాలు గోడకి తగిలించుకుంటూ పోతుంది.

తిండి విషయంలో మీకు నేను చెప్పాల్సింది తక్కువ. బియ్యం బస్తా కన్నా మూతున్న డబ్బా మేలని మీకు తెలుసు. మనం మరిచిపోయేవి వేరే ఉన్నాయి: కుక్కకి పెట్టి వదిలేసిన అన్నం, కోళ్ళ గంపలో మిగిలిన నూక, దేవుడి దగ్గర రాత్రంతా ఉన్న కొబ్బరిచిప్ప, నూనెలో నానిన ఒత్తి. వెలుగుతున్న ఒత్తిని వదిలి పడుకోకండి.

ఇంట్లో తిండి ఎలాగో, ఊళ్ళో చెత్త కూడా ఎలుకకి అలాగే. 1994లో గుజరాత్‌లోని సూరత్‌లో, ఎలుకల వల్ల వ్యాపించే ప్లేగు భయం పుట్టి లక్షల మంది ఊరు విడిచారు. అక్కడి మరమగ్గాల మీద తెలంగాణ నుంచి వెళ్ళిన మన నేతన్నలు ఎంతోమంది ఉన్నారు. తరువాతి ఏడాది మున్సిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త ఎత్తించడం మీద పట్టుబట్టారు. కొద్దికాలంలోనే ఆ ఊరు దేశంలోని శుభ్రమైన నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది.

ఇప్పుడు బోను. పెద్ద ఎలుకకి కొత్త వస్తువంటే అనుమానం, రోజుల తరబడి దగ్గరికి రాదు. మూడు రాత్రులు బోను బిగించకుండా లోపల కాల్చిన కొబ్బరి ముక్కో, ఎండుచేపో, పకోడీయో పెట్టి ఊరికే తిననివ్వండి. నాలుగో రాత్రి బిగించండి. గోడకి ఆనించి పెట్టాలి. పట్టినదాన్ని పక్కవీధిలో వదిలిపెడితే పక్కవాళ్ళింటికి పోతుంది, లేదా మళ్ళీ మీ ఇంటికే వస్తుంది. జిగురు అట్టలు నాకు ఇష్టం లేదు. ప్రాణి రాత్రంతా అరుస్తూ చస్తుంది, బల్లులూ పిచ్చుకలూ కూడా అంటుకుంటాయి. బొరియలు చేలో ఎక్కువగా ఉంటే, ఎలుకలు పట్టడంలో ఆరితేరిన మన యానాది సోదరుల్ని పిలవండి. మట్టి చూసి ఎలుక లోపల ఉందో లేదో చెప్పగలరు వాళ్ళు. ఆ విద్యకి తగిన కూలి ఇవ్వండి.

ట్యూబుల్లో అమ్మే ఎలుకల పేస్టు మాత్రం దయచేసి ఇంట్లోకి తేకండి. వాటిల్లో పసుపు భాస్వరం ఉండేవి ఉన్నాయి. దానికి విరుగుడు లేదు. పసిపిల్లలు పళ్ళు తోముకునే పేస్టనుకుంటారు, పెద్దవాళ్ళు ఒక్క క్షణం మనసు చెదిరినప్పుడు చేతికందిందని మింగుతారు. ఒకటి రెండు రోజులు మనిషి మామూలుగానే తిరుగుతాడు, గండం గడిచిందనుకుంటాం. ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. పొరపాటున ఎవరైనా నోట్లో పెట్టుకున్నారని అనుమానం వచ్చినా, బాగానే ఉన్నారు కదా అని ఆగకండి. ట్యూబు కూడా పట్టుకుని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి.

పెంటికల్ని పొడిగా చీపురుతో ఊడ్వకండి, ఆ దుమ్ము ఊపిరితో లోపలికి పోతుంది. బ్లీచింగ్ నీళ్ళు చల్లి, పది నిమిషాలాగి, గుడ్డతో ఎత్తి, చేతులు సబ్బుతో కడుక్కోండి. కాళ్ళకి పుళ్ళున్నవాళ్ళు మురుగునీళ్ళలో చెప్పుల్లేకుండా దిగకండి. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళు పుండుకి తగిలితే ఎలుక జ్వరం రావచ్చు.

మీరు రాకముందు ఈ గ్రంథాలయం వెనక తలుపు కింద పెన్సిల్ పెట్టి చూశాను. దూరింది. పుస్తకాలకి పూసిన పిండి జిగురంటే ఎలుకకి ప్రాణం. పట్టీ, మేకులు సంచిలో తెచ్చాను. మీటింగు అయ్యాక ఇద్దరు కుర్రాళ్ళు నాతో ఉంటే ఇవాళే కొట్టేద్దాం.