రెండు హైఫన్లు, ఒక పొడుగు గీత: కమాండ్ డాక్యుమెంట్లు ఎలా రాయాలి

[స్క్రీన్ మీద నల్లటి టెర్మినల్. ఒకదాని కింద ఒకటి రెండు లైన్లు. పైపైన చూస్తే రెండూ ఒకటే.]

ఇది టెర్మినల్, అంటే కంప్యూటర్‌కి కమాండ్లు టైప్ చేసి ఇచ్చే చోటు. ఈ రెండు లైన్లలో ఒకటి పనిచేస్తుంది, ఇంకోటి పనిచేయదు. ఏది పనిచేయదో చెప్పండి చూద్దాం. కావాలంటే వీడియో ఆపి చూడండి.

[రెండో లైన్‌ని జూమ్ చేయాలి. 'అమెండ్' ముందున్న గీత స్క్రీన్ నిండా కనిపించాలి.]

గిట్ అంటే కోడ్‌లో చేసిన మార్పుల్ని భద్రపరిచే టూల్. పై లైన్‌లో గిట్ కమిట్ తర్వాత, 'అమెండ్' అనే మాటకి ముందు రెండు హైఫన్లు ఉన్నాయి. కింద ఉన్నది ఒకే ఒక్క పొడుగు గీత. మన కంటికి రెండూ గీతలే. గిట్ మాత్రం రెండోదాన్ని ఆప్షన్ కింద, అంటే కమాండ్ పనితీరు మార్చే మాట కింద, లెక్కే వేయదు. అదేదో ఫైల్ పేరు అనుకుని, అలాంటి ఫైల్ నాకు తెలియదు పొమ్మంటుంది.

నా మొదటి ఉద్యోగంలో ఇది నాకు తగిలింది. హైదరాబాద్‌లో ఒక ఆఫీసు, పేరు ఎందుకులెండి. మానేసి వెళ్ళిపోతున్న సీనియర్ ఒకాయన ఎంతో ఓపిగ్గా హ్యాండోవర్ డాక్యుమెంట్ రాసిచ్చారు. రాసింది వర్డ్ ప్రాసెసర్‌లో. ఆయన కొట్టినవి రెండు హైఫన్లే, కానీ ఆటోకరెక్ట్ వాటిని అందంగా కలిపి పొడుగు గీత చేసేసింది. రిలీజ్ రోజు రాత్రి పదకొండున్నరకి నేను అందులోంచి కమాండ్ కాపీ చేసి టెర్మినల్‌లో పేస్ట్ చేశాను. ఎర్రర్. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే ఎర్రర్. అరగంట సేపు సర్వర్‌ని అనుమానించాను, నెట్‌వర్క్‌ని అనుమానించాను, ఆఖరికి నన్ను నేనే అనుమానించుకున్నాను. ఆ టెన్షన్‌లో గీత పొడుగు ఎవరు చూస్తారు?

కమాండ్ లైన్ సాఫ్ట్‌వేర్ డాక్యుమెంట్లలో ఫార్మాటింగ్ అంటే చాలామందికి ముస్తాబు. బోల్డ్ పెడితే బాగుంటుంది, ఇటాలిక్ పెడితే స్టైల్‌గా ఉంటుంది అన్నట్టు. కానీ ఇక్కడ ప్రతి గుర్తూ చదివేవాడి వేళ్ళకి ఒక మాట చెబుతోంది: ఇది ఉన్నదున్నట్టు కొట్టు, ఇక్కడ నీ సొంతది పెట్టు, ఇది కావాలంటే వదిలెయ్. ఒక పేజీలో ఒకలా, ఇంకో పేజీలో ఇంకోలా చెబితే ఆ వేళ్ళు ఎవరి మాట వినాలి?

[పాత కాగితం రంగు నేపథ్యం. టైప్‌రైటర్ అక్షరాల్లో ఒక మాన్యువల్ పేజీ.]

ఈ సంగతి మొదటి రోజుల్లోనే పట్టుకున్న వాళ్ళున్నారు. 1971 నవంబర్ 3 తేదీతో బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదటి మాన్యువల్ వచ్చింది. దాన్ని తయారుచేసిన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ రాశారు. ప్రతి కమాండ్‌కీ ఒకే వరస: ముందు పేరు, తర్వాత సినాప్సిస్ (కమాండ్‌ని ఎలా కొట్టాలో చూపించే లైన్), ఆ తర్వాత వివరణ, అలా బగ్స్ దాకా. తమ సాఫ్ట్‌వేర్‌లో బగ్స్ ఇవీ అని ఒక శీర్షిక పెట్టి మరీ రాసుకున్నారు. ఆ నిజాయితీ నాకు భలే నచ్చుతుంది.

ఆ మాన్యువల్ ముందుమాటలో రాతపద్ధతి గురించి నాలుగు నియమాలు ఉన్నాయి. కింద గీత గీసిన మాటల్ని ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి. చదరపు బ్రాకెట్లలో ఉన్నది ఐచ్ఛికం. 'నేమ్' అనే మాట ఎక్కడ కనిపించినా అది ఫైల్ పేరే. మూడు చుక్కలు ఉంటే, ముందున్నదాన్ని ఎన్నిసార్లైనా ఇవ్వొచ్చు.

'మాన్' అంటే మాన్యువల్ పేజీలు చూపించే కమాండ్. ఇప్పుడు మీ లైనక్స్‌లో 'మాన్ మాన్' అని కొట్టి, దాని పేజీనే చూడండి. యాభై ఏళ్ళు దాటినా చదరపు బ్రాకెట్లు అవే, మూడు చుక్కలు అవే. ఒక్కటి మాత్రం తలకిందులైంది. ఇప్పుడు ఉన్నదున్నట్టు కొట్టాల్సింది బోల్డ్‌లో ఉంటుంది. మీరు మార్చి పెట్టుకోవాల్సింది ఇటాలిక్‌లో ఉంటుంది. చాలా టెర్మినళ్లలో ఇటాలిక్ బదులు కనిపించేది కింద గీత. అంటే 1971లో 'ముట్టుకోకు' అని చెప్పిన గీతే ఇప్పుడు 'మార్చుకో' అని చెబుతోంది. గీతకి సొంతంగా అర్థమేమీ లేదన్నమాట. మనం ఇచ్చిన అర్థం పుస్తకం పొడుగునా నిలబడాలి, అది ముందుగానే చెప్పి ఉండాలి.

[గిట్ సినాప్సిస్ లైన్ ఒకటి. కర్సర్ ఒక్కో గుర్తు మీద ఆగుతూ వెళ్ళాలి.]

ఇప్పుడు గుర్తుల్లోకి దిగుదాం. గిట్ ప్రాజెక్టు సోర్స్‌లో కోడింగ్ గైడ్‌లైన్స్ అని ఒక ఫైల్ ఉంటుంది. కోడ్ ఎలా రాయాలో చెప్పే ఫైల్ అది. అందులోనే డాక్యుమెంట్ ఎలా రాయాలో కూడా చెప్పారు. ప్లేస్‌హోల్డర్లు, అంటే చదివేవాడు తీసేసి తన సొంతది పెట్టుకోవాల్సిన మాటలు, చిన్న అక్షరాల్లో, కోణపు బ్రాకెట్ల మధ్య రాయాలి. రెండు మాటలుంటే మధ్యలో హైఫన్ పెట్టాలి. రెండింటిలో ఏదో ఒకటి అని చెప్పే నిలువు గీతకి అటూ ఇటూ ఖాళీ వదలాలి, కానీ బ్రాకెట్ తెరిచిన వెంటనే ఖాళీ వదలకూడదు. ఇంత చాదస్తమా అనిపిస్తుంది. నాకూ మొదట అనిపించింది.

మూడు చుక్కల సంగతి చూస్తే ఆ చాదస్తం ఎందుకో అర్థమైంది.

[రెండు లైన్లు పక్కపక్కన: 'ఫైల్...' అని ఒకటి, '[ఫైల్...]' అని ఒకటి.]

మొదటిదానికి కనీసం ఒక ఫైల్ ఇవ్వాలి, ఆపైన ఎన్నైనా ఇవ్వొచ్చు. రెండోదానికి ఒక్క ఫైల్ కూడా ఇవ్వకపోయినా నడుస్తుంది. తేడా అంతా ఒక జత బ్రాకెట్లలోనే ఉంది. ఫైల్ పేరు ఇవ్వకపోతే ఫోల్డర్ మొత్తం మీద పనిచేసే కమాండ్ అనుకోండి, రాసినవాడు ఆ జత మర్చిపోతే చదివేవాడు ఆ దారి ఉందనే తెలుసుకోడు. అవసరం లేనిచోట బ్రాకెట్ పెడితే ఇంకో తంటా: వదిలేయొచ్చని వదిలేస్తాడు, ఎర్రర్ తింటాడు.

మాటల్లోనూ ఇదే గొడవ. ఒక పేజీలో 'ఫైల్', రెండో పేజీలో 'ఫైల్‌నేమ్', మూడో పేజీలో 'పాత్', నాలుగో పేజీలో 'ఇన్‌పుట్'. రాసినవాడికి నాలుగూ ఒకటే. బడిలో మాస్టారు చెప్పారు కదా, వాడిన మాటే వాడకురా, పర్యాయపదం వెతుకు అని. కమాండ్ డాక్యుమెంట్‌లో ఆ పాఠం మర్చిపోవాలి. పాత్ అంటే పూర్తి దారి ఇవ్వాలేమో, ఫైల్‌నేమ్ అంటే పేరు ఒక్కటే చాలేమో అని చదివేవాడు బుర్ర పాడుచేసుకుంటాడు. మాట మారితే వస్తువు కూడా మారిందనే అనుకుంటాడు, అందులో అతని తప్పేమీ లేదు.

[టెర్మినల్. కోణపు బ్రాకెట్లతో సహా కమాండ్ పేస్ట్ అవుతుంది. సింటాక్స్ ఎర్రర్.]

కోణపు బ్రాకెట్ల వల్ల కొన్ని ఇబ్బందులు ఉన్నాయి, దాచను. టెర్మినల్‌లో మనం కొట్టింది ముందుగా చదివే ప్రోగ్రామ్ షెల్. దాని దృష్టిలో ఆ గుర్తులకి వేరే అర్థం ఉంది: ఫైల్‌లోంచి చదువు, ఫైల్‌లోకి రాయి అని. కొత్తగా నేర్చుకునేవాళ్ళు వాటిని తీయకుండా పేస్ట్ చేస్తే, గిట్ దాకా వెళ్ళకముందే షెల్ అడ్డుపడుతుంది. ఇంకోటి, మామూలు టెక్స్ట్‌లోనే గుర్తులతో ఫార్మాటింగ్ చేసే మార్క్‌డౌన్‌లో, కోడ్‌కి అటూ ఇటూ పెట్టే బ్యాక్‌టిక్‌లు లేకుండా రాస్తే అది హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ అనుకుని ప్లేస్‌హోల్డర్ మొత్తం మాయమైపోవచ్చు. 'గిట్ స్విచ్' అని మాత్రం మిగులుతుంది, దేనికి మారాలో చెప్పే మాటే ఉండదు. అందుకే కొందరు ప్లేస్‌హోల్డర్లని పెద్ద అక్షరాల్లో రాస్తారు. గూగుల్ డెవలపర్ స్టైల్ గైడ్ చెప్పేది అదే. నన్నడిగితే రెండూ ఒప్పే. ఒకే డాక్యుమెంట్‌లో రెండూ కలిపితేనే తంటా.

ఇక ప్రాంప్ట్, అంటే కమాండ్ కొట్టమని టెర్మినల్ చూపించే గుర్తు. కమాండ్ ముందు డాలర్ గుర్తు ఉంటే మామూలు యూజర్, హాష్ గుర్తు ఉంటే రూట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్. ఇది అందరికీ తెలిసిన వాడుకే. కానీ కాపీ చేసేటప్పుడు ఆ గుర్తు కూడా వచ్చేస్తుంది. డాలర్ అయితే, అలాంటి కమాండ్ లేదని బాష్ అనే షెల్ అరుస్తుంది. అది నయం. హాష్ వచ్చిందంటే బాష్‌కి లైన్ మొత్తం కామెంట్. ఎర్రర్ రాదు, ఏమీ జరగదు, అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది. మార్క్‌డౌన్ ఫైళ్ళలో తప్పులు పట్టే మార్క్‌డౌన్‌లింట్ అనే టూల్‌లో దీనికోసమే ఒక రూల్ ఉంది: అవుట్‌పుట్ చూపించనప్పుడు కమాండ్ ముందు డాలర్ పెట్టొద్దని. నేను పాటించేదీ అదే. కమాండ్ కింద అవుట్‌పుట్ కూడా చూపిస్తుంటే ప్రాంప్ట్ పెడతాను, ఏది కొట్టిందో ఏది వచ్చిందో తెలియాలి కదా. కమాండ్ ఒక్కటే ఉంటే పెట్టను.

[మళ్ళీ గీత బొమ్మ. ఈసారి మూడు గీతలు: హైఫన్, మైనస్, పొడుగు గీత.]

మళ్ళీ గీత దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఇది మా ఆఫీసు గొడవ ఒక్కటే కాదు. మాన్ పేజీలని తయారుచేసే సాఫ్ట్‌వేర్ పేరు జీ-రాఫ్. జిరాఫీ కాదు. అందులో మామూలుగా హైఫన్ కొడితే అది మాటలని కలిపే హైఫన్. ఆప్షన్ ముందు గీత కావాలంటే దానికి ముందు బ్యాక్‌స్లాష్ కొట్టాలి. చాలామంది రచయితలు ఏళ్ళ తరబడి బ్యాక్‌స్లాష్ లేకుండానే రాశారు. టెర్మినల్‌లో తేడా కనిపించలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. 2023 జూలైలో జీ-రాఫ్ 1.23 వచ్చింది. యూటీఎఫ్-8 టెర్మినళ్లలో, అంటే అన్ని భాషల అక్షరాలూ చూపించగల వాటిలో, రెండింటినీ రెండు వేర్వేరు అక్షరాలుగా చూపించింది. అంతే, మాన్ పేజీలోంచి ఆప్షన్ కాపీ చేస్తే కమాండ్ గుర్తుపట్టదు. పేజీలో ఆ ఆప్షన్ కోసం వెతికితే, కళ్ళ ముందే ఉన్నా దొరకదు.

జీ-రాఫ్ చేసింది తప్పా? నియమం ప్రకారం చూస్తే కాదు, తప్పుగా రాసినవి ఆ పేజీలే. కానీ వేల పేజీలని ఎవరు సరిదిద్దుతారు? లైనక్స్‌ని సిద్ధం చేసి అందించే డెబియన్ లాంటివాళ్ళు తమ సెట్టింగుల్లో పాత పద్ధతినే ఉంచేశారు. నేనైతే డెబియన్ పక్షమే. వాడేవాడి కమాండ్ నడవాలి, న్యాయాన్యాయాలు తర్వాత చూసుకోవచ్చు.

[తెలుగు పేరా మధ్యలో బ్యాక్‌టిక్‌లలో ఒక కమాండ్.]

తెలుగులో డాక్యుమెంట్లు రాసేవాళ్ళకి ఇంకో మెలిక ఉంది. మనకి పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు లేవు. కాబట్టి ప్లేస్‌హోల్డర్‌ని తెలుగులో రాద్దామంటే పెద్ద అక్షరాల పద్ధతి కుదరదు. ఇటాలిక్ చేద్దామా అంటే, చాలా తెలుగు ఫాంట్లలో అసలైన ఇటాలిక్ ఉండదు. సాఫ్ట్‌వేర్ బలవంతంగా పక్కకి వాల్చేస్తుంది, ఒత్తులూ గుడులూ ఒకదాని మీద ఒకటి పడతాయి. మనకి మిగిలింది కోణపు బ్రాకెట్లే.

ఆపైన విభక్తులు. ఇంగ్లీషులో కమాండ్ పేరు తర్వాత ఖాళీ ఉంటుంది. మనం 'గ్రెప్‌తో', 'ఎల్ఎస్‌కి', 'సీడీని' అంటాం. మరి బ్యాక్‌టిక్ ఎక్కడ మూయాలి? విభక్తి లోపల పడితే అది కూడా కాపీ అవుతుంది. బయట పెడితే 'తో' ఒంటరిగా వేలాడుతుంది. దానికి తోడు మనం పొల్లు విడిగా నిలబడటానికి కొట్టే కనిపించని అక్షరం ఒకటుంది. అది కమాండ్ చివర అంటుకుపోయిందంటే పొడుగు గీత కన్నా ఘోరం, జూమ్ చేసినా కనిపించదు. నేను చేసే పని చెబుతాను: కమాండ్ పేరు పక్కన ఖాళీ వదిలి 'కమాండ్' అని రాసి, విభక్తి దానికి తగిలిస్తాను. 'గ్రెప్ కమాండ్‌తో వెతకండి' అన్నట్టు. వాక్యం కొంచెం సాగుతుంది, పోనీండి.

[టెర్మినల్‌లో టెస్టులు నడుస్తుంటాయి. ఒకటి ఎర్రగా ఆగుతుంది.]

నియమాలు రాసుకోవడం తేలికే. ఆరు నెలల తర్వాత, ఆరుగురు చేతులు పడ్డాక అవి నిలబడాలంటే మెషీన్ కాపలా కాయాలి. గిట్‌లో ఒక టెస్ట్ ఉంది. కమాండ్‌కి '-హెచ్' ఇస్తే వచ్చే వాడుక లైన్లనీ, మాన్ పేజీలోని సినాప్సిస్‌నీ పక్కపక్కన పెట్టి పోలుస్తుంది. తేడా ఉంటే టెస్ట్ ఫెయిల్. పాత లోపాలున్న కమాండ్లకి మినహాయింపు జాబితా పెట్టుకున్నారు. అన్నీ ఒకేసారి సరిచేస్తామని కూర్చోలేదు, తెలివైన పని.

హెల్ప్ అవుట్‌పుట్‌ని చేత్తో కాపీ చేసి డాక్యుమెంట్‌లో అతికించే అలవాటు ఉంటే, ఇది వినండి. పైథాన్‌లో ఆర్గ్‌పార్స్ అనే లైబ్రరీ హెల్ప్‌ని తనే తయారుచేస్తుంది. పైథాన్ 3.10లో ఒక శీర్షిక 'ఆప్షనల్ ఆర్గ్యుమెంట్స్' నుంచి 'ఆప్షన్స్'గా మారింది. 3.13లో పొట్టి ఆప్షన్, పొడుగు ఆప్షన్ పక్కపక్కన చూపించే తీరు కూడా మారింది. ప్రోగ్రామ్‌లో మీరు ఒక్క అక్షరం ముట్టుకోకపోయినా మీ డాక్యుమెంట్ పాతబడిపోయింది. ఆ హెల్ప్‌ని బిల్డ్ సమయంలో, అంటే డాక్యుమెంట్ తయారయ్యే ప్రతిసారీ, స్క్రిప్ట్‌తో తెప్పించుకోవడమే మేలు.

కొన్నిచోట్ల డాక్యుమెంట్ చేతుల్లో ఏమీ ఉండదు. టార్ కమాండ్ హైఫన్ లేకుండానే ఆప్షన్లు తీసుకుంటుంది. ఫైండ్‌లో పొడుగు ఆప్షన్లకి కూడా ఒకటే హైఫన్. డీడీకి హైఫన్లే ఉండవు, సమానం గుర్తులే. వీటిని ఒకే మూసలో పోసి రాస్తే అబద్ధం రాసినట్టే. ఉన్నదున్నట్టు రాసి, ఇది వేరే తీరు అని ఒక్క ముక్క చెబితే చాలు.

[ఒక టెక్స్ట్ ఫైల్ తెరుచుకుంటుంది. మొదటి నాలుగు లైన్లు కనిపించాలి.]

ఆ హ్యాండోవర్ డాక్యుమెంట్‌ని తర్వాత నేనే ప్లెయిన్ టెక్స్ట్‌లోకి మార్చాను. పొడుగు గీతలన్నీ వెతికి తీసేశాను. ఒకే సర్వర్‌కి ఆయన మూడు పేర్లు వాడారు, ఒకటి ఉంచాను. ఫైల్ మొదట్లో నాలుగే నాలుగు లైన్లు పెట్టాను: ఏది అలాగే కొట్టాలి, ఏది మార్చుకోవాలి, ఏది వదిలేయొచ్చు, ఏది మళ్ళీ మళ్ళీ ఇవ్వొచ్చు. ఆ ఉద్యోగం మానేసేటప్పుడు నా తర్వాత వచ్చిన అమ్మాయికి ఆ ఫైలే ఇచ్చాను. రెండు వారాల తర్వాత మెసేజ్ పెట్టింది: "అన్నా, పదిహేడో లైన్‌లో బ్రాకెట్ మూయలేదు."